తిన్నె వాలు మీద అడుగుజాడ: ఇసుక పెట్టెతో ఐదు నెలల పని డైరీ

మొదటి పెట్టె మూడో రోజే విరిగింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

రాయదుర్గంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో సెప్టెంబరు 8 నుంచి జనవరి చివరి వరకు చేసిన పని ఇది. నేను హైస్కూలులో జీవశాస్త్రం చెబుతాను. నాతో పాటు తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు పనిచేశారు. చిన్న ఇసుక వాలు కట్టి, దాని మీద జంతువును నడిపించి, ఆ అడుగుల మీద మళ్ళీ ఇసుక కప్పి, మొత్తాన్ని పలకలా గట్టిపరచి, చివరికి పొర దగ్గర విడదీసి అడుగులు బయటికి తీయాలి. మా పని ఇంతే.

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ గోడల్లో కొకొనినో ఇసుకరాయి అనే లేత రంగు రాతి పొర ఉంది. సుమారు 27, 28 కోట్ల ఏళ్ళ కిందట అది ఎడారి. గాలి పోసిన తిన్నెలే తర్వాత రాయి అయ్యాయి. ఆ తిన్నెల వాలు మీద నాలుగు కాళ్ళ జంతువులు నడిచిన జాడలు ఇప్పటికీ ఉన్నాయి. స్మిత్సోనియన్ సంస్థకు చెందిన చార్లెస్ గిల్మోర్ 1926, 1927, 1928లో వాటిని వర్ణించాడు. ఆ జాడల్లో ఎక్కువ భాగం వాలు ఎక్కుతున్నవే, దిగుతున్నవి చాలా అరుదు. పొడి ఇసుకలో అడుగు గంటసేపు నిలవదని మన ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలాంటిది కోట్ల ఏళ్ళు ఎలా నిలిచింది? ఎక్కే అడుగులే ఎందుకు మిగిలాయి? ఈ రెండు ప్రశ్నల కోసమే పెట్టె కట్టాం.

దశ 1: పెట్టె (రోజు 1 నుంచి 9)

మొదటి పెట్టె కొలతలు: పొడవు 120 సెం.మీ., వెడల్పు 45, లోతు 15. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఒక వైపు రెండు కీళ్ళు. నిండా ఇసుక పోసి రెండో వైపు ఎత్తబోతే కీళ్ళు ఊడి, అడుగు చెక్క చీలిపోయింది.

ముందే లెక్క వేసుకోవాల్సింది. 120 × 45 × 15 అంటే 81 లీటర్లు. పొడి ఇసుక లీటరు సుమారు 1.6 కిలోలు. అంటే 130 కిలోలు. ఇద్దరు పిల్లలూ నేనూ కలిసి ఎత్తినా లేచే బరువు కాదు.

రెండో పెట్టెకు మార్చినవి:

1. పొడవు 60, వెడల్పు 30, ఇసుక మందం 5 సెం.మీ. మాత్రమే. మొత్తం 9 లీటర్లు, సుమారు 14 కిలోలు.
2. పన్నెండు మిల్లీమీటర్ల చెక్క. అడుగున పెన్సిలు మందం రంధ్రాలు 40, వాటి మీద పాత పంచె గుడ్డ. (ఈ రంధ్రాలు ఎందుకో దశ 5లో తెలుస్తుంది. మొదట నీరు కారిపోవడానికి అని పెట్టాం.)
3. పక్కన చెక్క మీద కోణమానిని గీసి, తూకపు గుండు దారం వేలాడదీశాం. ఫోనులో కోణం చూపించే యాప్ రెండు డిగ్రీలు తేడా చూపించింది. దారమే నమ్మాం.

లోతు 15 సెం.మీ. ఎందుకు పెట్టానంటే తిన్నె అంటే లోతుగా ఉండాలనే భావన. అడుగు దిగేది సెంటీమీటరు. దాని కింద మూడు సెంటీమీటర్లు ఉంటే చాలు.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 2,070 (విరిగిన పెట్టె 1,450, రెండోది 620). నడకలు 0. పలకలు 0.

దశ 2: ఇసుక (రోజు 10 నుంచి 22)

ఇల్లు కట్టే ఇసుక వాడకండి. వారం రోజులు అది వాడి చూశాం. గింజలు ముతక, మధ్యలో చిన్న రాళ్ళు. వేళ్ళ జాడ ఎక్కడా పడలేదు.

గాలి జల్లెడ పట్టిన ఇసుక కావాలి. మాకు అది దగ్గరే ఉంది. వేదవతిని ఇక్కడ హగరి అంటారు. ఆ ఏటి ఇసుకను నైరుతి గాలులు ఎత్తుకొచ్చి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో పొలాల మీద తిన్నెలుగా పోశాయి. ఒక రైతును అడిగి రెండు సంచులు తెచ్చుకున్నాం. "తీసుకుపో సారూ, ఎంత తీసుకుపోతే మాకంత మేలు. మా తాత కాలంలో ఈడ జొన్న పండేది" అన్నాడు. సంచి మూతి కట్టాక కూడా ఆయన ఆ తిన్నె వైపే చూస్తూ నిలబడ్డాడు.

తెచ్చిన ఇసుకతో చేసినవి:

1. పిండి జల్లెడతో ఆకులు, వేళ్ళు తీసేశాం. టీ వడగట్టే జాలితో రెండోసారి పట్టాం. పది కిలోల్లో 1.3 కిలోలు జాలి మీద మిగిలింది, పారేశాం.
2. రెండు రోజులు ఎండలో ఆరబెట్టాం.
3. గరాటాలోంచి మెల్లగా పోసి కుప్ప వాలు కొలిచాం. పదిసార్లు: 32, 33, 34, 33, 32, 33, 34, 33, 33, 33. సగటు 33 డిగ్రీలు.

ఈ 33 చాలా ముఖ్యం. పొడి ఇసుక అంతకంటే నిటారుగా నిలవదు, జారుతుంది. తిన్నెకు గాలి తగిలే వైపు వాలు మెల్లగా ఉంటుంది. గాలి చాటు వైపు ఇసుక జారీ జారీ ఈ కోణానికి దగ్గరగా నిలుస్తుంది. దాన్ని ఈ డైరీలో జారుడు వాలు అంటున్నాను. కొకొనినో రాతిలో ఏటవాలు పొరలు మామూలుగా 25 నుంచి 30 డిగ్రీల దాకా ఉంటాయి. ఆ అడుగులు పడింది జారుడు వాలు మీదే.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 3,010 (జల్లెడలు 180, బంగారం తూచే చిన్న కాటా 450, రానుపోను బండ్లకు 310).

దశ 3: నడక (రోజు 23 నుంచి 61)

జంతువు ఎంపిక మీదే పది రోజులు పోయాయి.

కోడిపిల్లతో 2 నడకలు. రెండు కాళ్ళ ముద్ర మనకు పనికిరాదు.

పిల్లికూనతో 4 నడకలు. అడుగులు శుభ్రంగా పడ్డాయి కానీ నాలుగు కాళ్ళకు రెండు వరుసలే కనిపించాయి. పిల్లి ముందు కాలు తీసిన చోటే వెనక కాలు పెడుతుందని క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను, ఇక్కడ గుర్తు రాలేదు. రాతిలో ముందు పాదం, వెనక పాదం వేరువేరుగా కనిపిస్తాయి.

పక్కింటాయన తాబేలు తెచ్చిస్తానన్నాడు. మన చుట్టుపక్కల దొరికేది నక్షత్ర తాబేలు. దాన్ని పట్టడం, ఉంచుకోవడం రెండూ వన్యప్రాణి చట్టం కింద నేరం. వద్దని చెప్పాను. తొండలను కూడా పట్టలేదు. ఈ పని చేసేవాళ్ళు పెంపుడు జంతువులతోనే చేయండి.

చివరికి వీధి కుక్క పిల్ల. ఏడు వారాల వయసు, 1.9 కిలోలు. ఆ వయసులో నడక తడబడుతూ ఉంటుంది కాబట్టి ముందు పాదం, వెనక పాదం విడివిడిగా పడ్డాయి. తల్లి షెడ్డు గుమ్మం దగ్గరే ఉండేది. రోజుకు పది నిమిషాలు, అంతకు మించి నడిపించలేదు.

పొడి ఇసుక, 33 డిగ్రీలు: 6 నడకలు. ఆరింటిలోనూ కాలు పెట్టగానే పైనుంచి ఇసుక జారి గుంట పూడిపోయింది. మిగిలింది ఆకారం లేని సొట్టలు.

తడి ఇసుక, బరువులో పదో వంతు నీరు: 5 నడకలు. వేళ్ళు, గోళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. పిల్లలు చాలా సంతోషించారు. కానీ రాతి జాడల ఫొటో పక్కన పెట్టి చూస్తే పోలిక లేదు. మావి బురదలో అచ్చు గుద్దినట్టు నిటారు గోడలతో ఉన్నాయి. రాతిలో ప్రతి అడుగుకు కింది వైపున నెలవంక ఆకారంలో ఇసుక గుట్ట ఉంటుంది. జంతువు ఎక్కుతూ కాలితో వెనక్కి నెట్టిన ఇసుక అది. మా తడి ఇసుకలో ఆ నెలవంక ఒక్కటీ లేదు.

ఇలాంటి తిప్పలు మాకే కొత్త కాదు. స్కాట్లండులో కార్న్‌కాకిల్ మ్యూర్ రాతి గనిలో దొరికిన జాడల గురించి 1828లో హెన్రీ డంకన్ అనే చర్చి మతాధికారి ఎడిన్‌బరో రాయల్ సొసైటీకి రాశాడు. శిలాజ అడుగుల మీద తొలి శాస్త్రీయ రచనల్లో అదొకటి. ఆ రాయి కూడా పాత ఎడారి తిన్నెలదే. ఆయన ఆక్స్‌ఫర్డులో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం బక్లాండుకు నమూనాలు పంపితే, బక్లాండు తాబేళ్ళను రొట్టె పిండి మీద నడిపించి పోల్చి చూశాడు. పిండి మొదట కాళ్ళకు అంటుకుపోయిందట. మళ్ళీ పొడి పిండి వేసి పిసకాల్సి వచ్చింది. గ్రాండ్ కాన్యన్‌లో పనిచేసిన ఎడ్విన్ మెకీ కూడా ఇసుక తొట్టిలో బతికున్న జంతువులను నడిపించి 1947లో ఆ ఫలితాలు అచ్చు వేశాడు. తడి ఎంత అన్నదే అందరికీ వచ్చిన చిక్కు.

పనికొచ్చిన పాళ్ళు:

1. పొడి ఇసుక కిలోకు నీరు 40 మి.లీ. కలిపి, మూత బకెట్లో రాత్రంతా ఉంచాలి. వెంటనే వాడితే ముద్దలు ముద్దలుగా ఉంటుంది.
2. పెట్టెలో 3 సెం.మీ. మందం పరచి బద్దతో చదును చేయాలి.
3. పైన పూర్తిగా పొడి ఇసుక 3 మి.మీ. జల్లించాలి.
4. పెట్టెను 27 డిగ్రీలకు ఎత్తాలి. పైపొర 33 లోపే ఉంది కాబట్టి జారదు.
5. పై అంచున పాల గిన్నె పెట్టి కుక్కపిల్లను కింద వదలాలి.

7 నడకల్లో 5 బాగా పడ్డాయి. పై పొడి పొర వెనక్కి జరిగి నెలవంక అయింది, ఎత్తు 6 నుంచి 10 మి.మీ. కింది తడి పొర వేళ్ళ ఆకారం పట్టి ఉంచింది. రెండు పొరలు రెండు పనులు చేశాయి.

ఇక్కడ నాలుగు రోజులు వృథా అయిన సంగతి చెప్పాలి. అక్టోబరు చివర్లో అడుగు లోతు 8 మి.మీ. నుంచి 11కు పెరిగింది. నీరు ఎక్కువైందనుకుని పాళ్ళు మార్చి మార్చి చూశాం. ఒక పిల్ల "సార్, కుక్కపిల్ల లావైంది కదా" అంది. తూచితే 2.8 కిలోలు. అప్పటి నుంచి ఇసుక కంటే ముందు జంతువును తూచి రాస్తున్నాం.

ఎక్కడం, దిగడం పోలిక: ఒకే పాళ్ళు, 27 డిగ్రీలు, చెరి 12 నడకలు. కనీసం మూడు వేళ్ళు లెక్కపెట్టగలిగితేనే పాస్. ఎక్కినవి 12లో 8 పాస్. దిగినవి 12లో 1. దిగేటప్పుడు కాలు 2 నుంచి 5 సెం.మీ. జారుతుంది, పైనుంచి పొడి ఇసుక వచ్చి గుంటలో పడుతుంది. ఒకే జంతువు, ఒకే ఇసుక, ఇంత కొద్ది లెక్క. అయినా ఆ రాళ్ళలో దిగే జాడలు ఎందుకు అరుదో మాకు చేత్తో తెలిసింది. జంతువులు దిగలేదని కాదు, దిగిన జాడ జాడలా మిగల్లేదు.

అక్టోబరు వానలకు పెరట్లో రోకలిబండ పురుగు కనిపించింది. దాన్ని మూడుసార్లు నడిపించి వదిలేశాం. తడి ఇసుక మీద గుర్తే పడలేదు, అంత తేలిక. పొడి పొర మీద మాత్రం రెండు వరుసల సన్న చుక్కలు, మధ్యలో ఖాళీ దారి. కొకొనినోలో తేళ్ళు, సాలీళ్ళ లాంటి వాటివని భావించే జాడలు కూడా ఉన్నాయి. గిల్మోర్ వాటికి పేలియోహెల్కురా, ఆక్టోపోడిక్నస్ అని పేర్లు పెట్టాడు. ఆ పేర్లు అడుగులకే, జంతువుకు కాదు. ఏ జంతువు నడిచిందో ఎముక దొరికితే తప్ప ఖాయంగా చెప్పలేం కాబట్టి శాస్త్రజ్ఞులు జాడకు వేరే పేరు పెట్టుకుంటారు. కొకొనినోలో, కార్న్‌కాకిల్‌లో కనిపించే నాలుగు కాళ్ళ జాడ పేరు కెలిక్నస్.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 3,250 (పాలు, బిస్కెట్లు 240). నడకలు 51.

హగరి ఒడ్డున రెండు తెల్లవారుజాములు (రోజు 66, 67)

పెట్టెలో చూసింది బయట నిజమా అని అనుమానం వచ్చి అదే రైతు పొలానికి వెళ్ళాం. నవంబరు, ఉదయం 5:40.

పై ఇసుక చెంచాతో తీసి తూచి, పెనం మీద వేడి చేసి మళ్ళీ తూచాం. సూర్యోదయానికి ముందు మంచు తడి 1.1 శాతం. తొమ్మిదిన్నరకు 0.1. పది సెంటీమీటర్ల లోపల 2.6. అంటే తెల్లవారుజామున తిన్నెకు పైన పలుచని తడి పెచ్చు, మధ్యలో పొడి, లోపల చెమ్మ. మా పెట్టెలో ఇంత సూక్ష్మంగా చేయలేదు.

మెల్లని వాలు వైపు ఎక్కిన జాడలు 31, దిగినవి 27. జారుడు వాలు మీద స్పష్టమైనవి 14: ఎక్కినవి 11, దిగినవి 2, అడ్డంగా పోయినది 1. అవి కాక జారిన చారలు చాలా ఉన్నాయి, వాటిని లెక్కలో వేయలేదు. తొండలవి, నల్ల పురుగులవి, ఒక కుక్కది.

పది అడుగుజాడల పక్కన పుల్లలు గుచ్చి చూస్తూ కూర్చున్నాం.

ఉదయం 7:00కు 10 ఉన్నాయి.
9:00కు 8.
11:00కు 3.
మధ్యాహ్నం 1:00కు ఒక్కటీ లేదు.

అయితే చివర మాయమైన మూడింటిలో రెండు జారుడు వాలు అడుగు భాగంలో ఉన్నవి. వాటిని గాలి చెరపలేదు, కప్పింది. తిన్నె కొప్పు దాటిన గింజలు ఆ చాటున మెల్లగా రాలుతున్నాయి. పుల్ల పక్కన రేకుతో నిలువుగా కోసి నీళ్ళు చిలకరించి చూస్తే, అరసెంటీమీటరు ఇసుక కింద ఆ గుంట అలాగే ఉంది. దాని కింది పొరలు కూడా వంగి ఉన్నాయి.

ఆ కోత ముందు మేము ముగ్గురం చాలాసేపు కూర్చున్నాం. అప్పటిదాకా నా శ్రద్ధంతా అడుగు బాగా పడటం మీదే. అసలు పని ఆ అడుగు మీద పడే మొదటి అరసెంటీమీటరు ఇసుకది.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 3,530. నడకలు 51.

దశ 4: కప్పడం (రోజు 68 నుంచి 76)

తొమ్మిది ప్రయత్నాలు. మొదటి కుక్కపిల్ల పెద్దదైపోయింది. నవంబరులో ఈనిన మరో కుక్క పిల్లలు ఇంకా నడవడం లేదు. అందుకని ఈ తొమ్మిదింటికి పాత పిల్ల పాదాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసి, దానితో ముద్ర వేశాం. ఇవి నడకల లెక్కలోకి రావు.

1. చెంబుతో పోశాం, రెండుసార్లు. నెలవంకలు కొట్టుకుపోయాయి.
2. జల్లెడ 60 సెం.మీ. ఎత్తు నుంచి, రెండుసార్లు. గింజలు ఎగిరి పడి గుంట అంచులు గుండ్రబడ్డాయి.
3. జల్లెడ 10 సెం.మీ. ఎత్తు నుంచి, మూడుసార్లు. మూడూ బాగున్నాయి.
4. టేబుల్ ఫ్యాను ముందు ఇసుక వదిలాం, రెండుసార్లు. ఫ్యాను ఎదురుగా పెడితే అడుగులు అలల మడతల్లో కలిసిపోయాయి. మధ్యలో అట్ట అడ్డుపెట్టి చాటు కల్పిస్తే గింజలు అట్ట దాటి నెమ్మదిగా రాలాయి, అడుగు నిలిచింది. హగరి ఒడ్డున చూసింది ఇదే.

పాసైనవి 4. ఇంటి పిండి జల్లెడ తెచ్చేసినందుకు మా అమ్మకు కొత్తది కొనిచ్చాను, ఆ డబ్బు ఈ లెక్కలో వేయలేదు.

దశ 5: గట్టిపరచడం (రోజు 77 నుంచి 136)

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్న దశ. ప్రకృతిలో భూగర్భ జలాల్లో కరిగి వచ్చిన సిలికా లాంటి ఖనిజాలు గింజల మధ్య పేరుకుని ఇసుకను రాయిగా చేస్తాయి. మా దగ్గర ఉన్నది చెక్కకు వాడే తెల్ల జిగురు.

బండలు పరిచే మేస్త్రి ఒకాయన, తాడిపత్రి మనిషి, "సిమెంటు కలపండి సారూ, ఒక్క రాత్రికే అయిపోతుంది" అన్నాడు. సిమెంటు ఇసుకలో ప్రాణిని నడిపిస్తే పాదాల చర్మం కాలుతుంది. ఒప్పుకోలేదు. ఎవరూ ఆ పని చేయొద్దు.

పలక 1, 2: జిగురు నీళ్ళు పైనుంచి పోశాం. కాలువలు పడ్డాయి.

పలక 3: ఇస్త్రీ షాపుల్లో వాడే స్ప్రే సీసాతో కొట్టాం. పైన 4 మి.మీ. గట్టిపడింది, కింద వదులు. ఎత్తితే అప్పడంలా విరిగింది.

పలక 4: పెట్టె అడుగు రంధ్రాల నుంచి జిగురు నీళ్ళు పైకి పీల్చుకునేలా తొట్టిలో కూర్చోబెట్టాం. ఆలోచన మంచిదే. కానీ వాలుగా ఉంచే చేశాం. తడి నిండగానే ఇసుక మొత్తం కింది మూలకు జారిపోయింది. వాలు కావాల్సింది నడిచేటప్పుడు, కప్పేటప్పుడు మాత్రమే. ఆ తర్వాత పెట్టెను చాలా మెల్లగా చదునుగా దించేయాలి.

పలక 5: చదునుగా దించాం. జిగురు 1, నీరు 4 పాళ్ళు. చిక్కగా ఉండి సగం దాకే ఎక్కింది.

పలక 6: జిగురు 1, నీరు 8, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు నాలుగు చుక్కలు. నలభై నిమిషాల్లో పై దాకా ఎక్కింది. ఎండలో పెట్టాం. పైన పెచ్చు కట్టింది, లోపల మెత్తగానే ఉండిపోయింది.

ఇక్కడితో ఇంకో రెండు పెట్టెలు చేయించాం. ఒక్కో పలక ఆరడానికి పన్నెండు రోజులు పడుతుంటే ఒక్క పెట్టెతో ఏడాది దాటుతుంది.

పలక 7: నీడలో, గోనె పట్టా కప్పి 12 రోజులు. బాగా గట్టిపడింది. కానీ విడదీయబోతే ఎటు పడితే అటు పగిలింది.

మేస్త్రి ఆ ముక్కలు చేతిలోకి తీసుకుని చూశాడు. "దీంట్లో పొర ల్యా సారూ. పొర ఉంటేనే బండ లేచేది" అన్నాడు. తాడిపత్రి, బేతంచెర్ల నల్లబండలు పలకలుగా లేవడానికి కారణం ఆయన చేతికి తెలుసు. రెండు పొరల మధ్య పదార్థం కొంచెం మారాలి. ఎడారి తిన్నెల్లో కూడా గాలి మందగించినప్పుడు సన్న దుమ్ము పలుచగా పడి అలాంటి గీత ఏర్పడుతుంది.

ఈ సందర్భంలో చాలామంది అడిగిన ప్రశ్న: మన కడప బండల్లో కూడా ఇలాంటి అడుగులు దొరుకుతాయా? వాటిలో వెతకకండి. అవి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాళ్ళు, నేల మీద నడిచే జంతువులు పుట్టకముందివి. గండికోట వైపు గట్టి ఇసుకరాళ్ళలో నీటి అలల మడతలు చక్కగా కనిపిస్తాయి, అవి చూడండి. బండల్లో అడుగులు దొరికిన ఊరు బ్రెజిల్‌లో అరరక్వారా. అక్కడ కాలిబాటలకు పరిచింది బొటుకాటు అనే పాత ఎడారి ఇసుకరాయి. జుజెప్పె లియొనార్ది అనే శిలాజ శాస్త్రజ్ఞుడు ఆ పేవ్‌మెంటు బండల మీదే శిలాజ జాడలు గుర్తించి, వాటిలో ఒక రకానికి 1981లో బ్రసిలిక్నియం అని పేరు పెట్టాడు. జనం రోజూ వాటి మీదే నడుస్తున్నారు.

పలక 8: కింది పరుపులో అరసెంటీమీటరుకు ఒకసారి, అడుగుల మీద ఒకసారి, గుడ్డలో వడగట్టిన ఎర్రమన్ను దుమ్ము చల్లాం. జిగురు దుమ్మును కూడా అంటించేసింది. విడలేదు.

పలక 9: అడుగుల మీద ఎర్ర దుమ్ముకు బదులు ముఖానికి రాసుకునే టాల్కం పౌడరు. అది తడిని అంత త్వరగా పీల్చదు. అందుకే కింది నుంచి ఎక్కే జిగురు అక్కడ ఆగిపోతుంది. పైపొరకు వేరుగా పని చేయాలి: 5 మి.మీ. చొప్పున నాలుగుసార్లు జల్లించి, ప్రతిసారీ స్ప్రే చేసి, ఆరనివ్వాలి. రాతిలో టాల్కం లేదు, ఇది మేము కల్పించిన గీత. చూసేవాళ్ళకు ఆ మాట చెప్పే చూపిస్తున్నాం.

పలక 9 విడింది! గుంటలు కనిపించాయి. వేళ్ళు మాత్రం లేవు, వెడల్పుగా మొద్దుగా ఉన్నాయి. చూస్తే అది విడింది తెల్ల గీత దగ్గర కాదు, దాని కింది ఎర్ర గీత దగ్గర. కాలు అసలు తాకని పొర అది. పై బరువుకు కింది పొర వంగిన గుంటనే మేము అడుగు అనుకున్నాం. హగరి ఒడ్డున కోతలో కనిపించిన వంపు ఇదే. శిలాజాల్లో వేళ్ళు లేని మొద్దు జాడ కనిపిస్తే దాని పాదం మొద్దుదని వెంటనే అనుకోకూడదు, కింది పొర జాడ కావచ్చు. ఓడిపోయిన పలకల్లో నాకు ఇష్టమైనది ఇదే, పారేయలేదు.

పలక 10: టాల్కం 2 మి.మీ. పడింది. వేళ్ళు పూడిపోయాయి. ఇకపై పలుచని గుడ్డలో మూటకట్టి ఒక్కసారి తట్టడమే.

పలక 11, 12: కొత్త కుక్కపిల్ల, 2.0 కిలోలు, ఎక్కే నడకలు. రెండూ ఒకే రోజు పోశాం.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 5,765 (రెండు పెట్టెలు 1,240, జిగురు 900, టాల్కం 95). పలకలు 12. పలకల కోసం వేసిన నడకలను 51లో కలపలేదు.

దశ 6: విడదీయడం (రోజు 137 నుంచి 139)

పలక 11ను నేనే ఉలితో కొట్టాను. ఒకే చోట గట్టిగా. మూడు ముక్కలైంది.

పలక 12కు మేస్త్రి వచ్చాడు. ఆయన పద్ధతి:

1. పలకను నిలబెట్టి, తెల్ల గీత చుట్టూ బ్లేడుతో 2 మి.మీ. గాడి తీయాలి.
2. వెడల్పాటి పలుచని ఉలి గాడిలో పెట్టి, చిన్న సుత్తితో మెల్లగా తట్టాలి. ఒక చోట రెండు దెబ్బలు, వెంటనే పక్కకు.
3. చుట్టూ తిరిగి మొదటి చోటుకు రావాలి. తొందర పడితే పగులుతుంది.
4. శబ్దం వినాలి. టంగుమన్నంతసేపు అంటుకునే ఉంది. బొంగురు పోతే లోపల విడుతున్నట్టు.

మూడో చుట్టులో శబ్దం బొంగురు పోయింది. ఆయన ఉలి పక్కన పెట్టి, రెండు అరచేతులతో పై సగం ఎత్తాడు. పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు, నేనూ అంతే.

కింది సగంలో ఐదు అడుగుజాడల గుంటలు. పై సగం అడుగున అవే ఐదు ఉబ్బెత్తుగా.

కొలతలు: కప్పక ముందు సగటు లోతు 9 మి.మీ., విడదీశాక 7. మూడు వేళ్ళకు తక్కువ కాకుండా లెక్కపెట్టగలిగినవి 4. నెలవంక నిలిచినవి 3. మిగిలిన రెండు నెలవంకలు మొదటి స్ప్రే తడికి కుంగిపోయాయి. స్ప్రే సీసా 20 సెం.మీ. దూరం నుంచి కొట్టాం, 50 ఉండాల్సింది.

పలక 13 ఇప్పుడు పెట్టెలో ఆరుతోంది. స్ప్రే 50 సెం.మీ. నుంచి. పిల్ల బరువు 2.3 కిలోలు, వాలు 27 డిగ్రీలే, ఈసారి నడక దిగుతూ. ఫిబ్రవరి 6న మేస్త్రి వస్తానన్నాడు.